కొండ మునిగిందంటే ఎవర్నీ అడగొద్దు

ఉప్పు మడుల్లో నీరు చూడ్డం నా పని. ముప్పై ఒక్క ఎండాకాలాలు చేశాను. నౌపడ స్టేషన్ దాటి సముద్రం వైపు నడిస్తే కనపడే తెల్లటి మడుల్లో ఒక వరస మాది. మాది అంటే మేం పని చేసింది అని. కాగితం మీద ఎవరిదో.

ఇప్పుడు నా పనిలోకి లలిత అనే పిల్ల వచ్చింది. కెమిస్ట్రీ చదువుకుంది. మొన్న ఇంటికొచ్చి, "పిన్నీ, నాకు పని నేర్పవా" అంది. నీళ్లలో తేల్చే గాజు బుడ్డి పట్టుకుని ఉప్పు డిగ్రీ చూడ్డం దానికి నాకంటే బాగా వచ్చు. అందుకని దానికి రానిదే రాస్తున్నాను. దాని తర్వాత వచ్చేవాళ్లకీ పనికొస్తే భగవంతుడి దయ.

నీరు ముదరడం

నేను బడి గుమ్మం తొక్కినదాన్ని కాదు. మా నాన్నకి టెక్కలిలో చిన్న పచారీ కొట్టు. మధ్యాహ్నం బేరాల్లేని వేళ పళ్లెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించేవాడు. పొట్లాలు కట్టే పాత పేపర్లే నా వాచకాలు. మా ఆయన పోయాక ఆ చదువే నన్ను మడుల్లోకి తెచ్చింది. బుడ్డి మీద అంకె చదివి పలక మీద రాసే మనిషి కావలసొచ్చింది మడుల వాళ్లకి. తట్ట మోసే ఆడవాళ్లలో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

నాకొక అలవాటుంది. పొద్దున్నే దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటాను. నాన్న, నాకు పురుడు పోసిన మంత్రసాని, మొదటి రోజు నా కాళ్లకి కొబ్బరినూనె రాసిన ముసలమ్మ. పేర్లు పెరుగుతూ ఉంటాయి. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

పని సంగతి. ఉప్పుటేరు నుంచి వచ్చే నీరు లేత నీరు. దాన్ని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి, ఎండకి ఆరబెడుతూ, వారాల తరబడి నడిపించాలి. చంటిపిల్లని నడిపించినట్టే. బుడ్డి ఇరవై అయిదు చూపిస్తే నీరు ముదిరింది, ఉప్పు దిగుతుంది. ముప్పై దగ్గరకి పోనిస్తే చేదెక్కుతుంది. అప్పుడు ఆ నీటిని బయటికి వదిలేయాలి. ఈ మధ్యలో వాన పడిందా, నెల రోజుల ఎండ నీళ్లపాలు.

వానొస్తే చెయ్యాల్సినవి రెండు. మడిలోంచి గట్టు మీదికి లాగిన ఉప్పుని కుప్ప చేసి తాటాకు తడకలు కప్పాలి. మడిలో ఉన్న ముదురు నీటిని తూము ఎత్తి లోతు గుంటలోకి దించాలి. గుంటలోకి దిగిన ముదురు నీరు బరువు. వాన నీరు తేలిక, పైనే తేలుతుంది. మర్నాడు పైనీరు తీసేస్తే మన నీరు మనకుంటుంది. ఈ రెండూ పావుగంటలో అయిపోవాలి. వాన మనకిచ్చేది అంతే.

కేక

ఆ పావుగంట ఎక్కడిదంటే, కొండది. మా మడుల్లో నిలబడి ఉత్తరానికి చూస్తే మహేంద్రగిరి కనపడుతుంది. ఎండాకాలపు గాలివాన మాకెప్పుడూ అటునుంచే. ముందు కొండ కొమ్ము మాయమవుతుంది, తర్వాత నడుము. కొండ కనపడకుండా పోయిందంటే వాన బయల్దేరినట్టే. అది ఎవరి కంట పడితే వాళ్లు కేకెయ్యాలి. "కొండ మునిగింది!"

ఎవరైనా సరే. నిన్న పనిలో చేరిన పిల్లయినా, చుట్ట కాల్చుకునే ముసలమ్మయినా. ఆ కేక విన్నవాళ్లు దాన్ని మళ్లీ వేసి, చేతిలో పని వదిలేసి, ఏ తూము దగ్గరగా ఉంటే దానికి పరిగెత్తాలి. నీ వరసా, నా వరసా అని లేదు. పక్క కాంట్రాక్టరు మడి అయినా సరే. ఎవరూ ఎవర్నీ పంపరు. ఎవరెక్కడ నిలబడాలో కాళ్లకే తెలుసు. అప్పుడప్పుడు కొండ మునిగినా వాన దారి తప్పి ఒడిశా వైపు పోయేది. అప్పుడు అరిచినదాన్ని వారం రోజులు ఏడిపించేవాళ్లు. "ఏటే, నీ మొగుడు కాల్చిన బీడీ పొగ సూసి కేకేసినావేటి?" అంతే శిక్ష. ఇంకేం లేదు.

ఈ కేక ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఉప్పు దొరల చేతిలో ఉన్నప్పుడూ ఉంది, సొసైటీగా ఉన్నప్పుడూ ఉంది. మడులు లీజుకి తీసుకున్న కంపెనీ వచ్చాకే దాని మీద కన్ను పడింది.

తాళమూ, కన్నూ

కంపెనీ పేరు రాయను. మేనేజరు మంచిగా మాట్లాడే మనిషి. వచ్చిన ఏడే నాకు కుర్చీ వేయించాడు, గొడుగు ఇప్పించాడు. నా ఎడమ కన్ను మసకేసి అంకె కనపడకపోతే తన జీపులోనే శ్రీకాకుళం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాడు. కట్టు విప్పిన రోజు, ఆస్పత్రి కిటికీలోంచి చింతచెట్టు ఆకు ఆకూ విడివిడిగా కనపడితే ఏడ్చేశాను. శ్రీముఖలింగం వెళ్లి ఆయన పేర కొబ్బరికాయ కొట్టాను. దీపం దగ్గర ఆయన పేరు చేరింది.

ఆ ఏడే తూములకి తాళాలు పడ్డాయి. తూముకి అడ్డం దించే చెక్కకి ఇనప పట్టీ, దానికి తాళం. "మబ్బు కనపడిన ప్రతిసారీ తట్టలు పడేసి పరిగెత్తితే పని సాగేదెలా అమ్మా? ఎవరికి తోస్తే వాళ్లు అరవడం, ఎవరికి తోస్తే వాళ్లు తూము ఎత్తడం. ఇది అరాచకం" అన్నాడు. వాతావరణం ఆయన ఫోన్‌లో చూస్తాడట. ఆయన చెబితేనే తూము తియ్యాలి. తాళంచెవి నాకిచ్చాడు. నేను నమ్మకమైనదాన్నట.

కొంగున కట్టుకున్నాను. సంతోషంగానే కట్టుకున్నాను. అబద్ధం రాయడం ఎందుకు.

సింహాచలం ఒక్కతే నవ్వింది. నాకంటే పదేళ్లు చిన్నది, అక్కా అనడానికి అప్పా అంటుంది. తట్ట ఎత్తితే మగవాడు దారి ఇవ్వాల్సిందే. "ఓలప్పా, వాన కూడా ఆయనకి ఫోన్ సేసే వస్తాదేటి?" అంది. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. తాళంచెవి నా దగ్గర ఉందని కోపం వచ్చింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఆ కోపాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. మీ కొంగున తాళంచెవి కట్టగానే అది పుడుతుంది.

ఆ మధ్యాహ్నం

మేలో, ఎండ నిలువునా కాస్తోంది. నాలుగు మడుల్లో నీరు సరిగ్గా ముదిరి ఉంది. ఆడవాళ్లు ఉప్పు లాగుతున్నారు. దూరం నుంచి సింహాచలం గొంతు. "కొండ మునిగింది!"

కేక కేకకి అందింది. తట్టలు కింద పడ్డాయి. అందరూ నా వైపు పరిగెత్తుకొచ్చారు. నేను ఫోన్ తీశాను.

"బాబూ, కొండ కనపడటం లేదు."

"నేను చూస్తున్నానమ్మా, ఇవాళ వాన లేదు. సాయంత్రం లారీ వస్తుంది, లాగుడు ఆపొద్దు. తాళం తియ్యకు."

తల తిప్పి చూశాను. కొండ లేదు. అక్కడ బూడిద రంగు గోడ ఉంది. ఆపరేషన్ చేసిన కంటితో చూశాను కాబట్టి మరీ స్పష్టంగా కనపడింది.

"సెవి ఇయ్యి అప్పా!" సింహాచలం ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

"ఆయన వద్దన్నారే."

"ఆయనెక్కడున్నాడు? నువ్వెక్కడున్నావు? నీకు కళ్లు ఇచ్చినాడు గదా, సూడవేటి!"

ఇవ్వలేదు. కొంగు బిగించి పట్టుకున్నాను. గట్టు తెగ్గొడితే బురద కలిసి నీరు పాడవుతుంది, అది వాళ్లకీ తెలుసు. గునపం కోసం ఇద్దరు షెడ్డుకి పరిగెత్తారు. వాళ్లు తాళం బద్దలుకొట్టేసరికి మొదటి చినుకులు నీటి మీద గుంటలు పెడుతున్నాయి. తర్వాత ఏమీ కనపడలేదు. గంటసేపు కురిసింది. కుప్పలు కప్పబోయినవాళ్ల చేతుల్లోంచి తడకలు ఎగిరిపోయాయి. వాన వెలిశాక బుడ్డి వేసి చూశాను. ఎనిమిది.

నెల రోజుల ఎండ. నాలుగు మడులు. ఆ రోజు నన్నెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం

మర్నాడు మేనేజరు వచ్చి రెండు మాటలు చెప్పాడు. వాన దేవుడి పని, అందులో కంపెనీ చేసేదేమీ లేదు. కాబట్టి నీరు మళ్లీ ముదిరే దాకా పని లేదు, పని లేదు కాబట్టి కూలి లేదు. ఇది మొదటిది, గట్టు మీద నిలబడి అందరికీ చెప్పాడు.

రెండోది నన్ను షెడ్డులోకి పిలిచి చెప్పాడు. ఆయన పైన కూడా ఒకాయన ఉన్నాడు, హైదరాబాదులో. ఆ పైవాడికి ఏదో ఒక కారణం చూపించాలి. టైపు చేసిన కాగితం నా ముందు పెట్టాడు. సింహాచలం అనే కూలీ అనుమతి లేకుండా కేకవేసి అందరిచేత పని మాన్పించిందనీ, తట్టలు వదిలి పరిగెత్తడం వల్లే ఉప్పు కుప్పలకెక్కక కరిగిపోయిందనీ, అందుకని ఆమెను పనిలోంచి తీసేస్తున్నామనీ ఉంది. కింద సాక్షి సంతకం నాది.

"నువ్వు చదువుకున్నదానివి. నీ మాటకి విలువుంటుంది" అన్నాడు. కలం నా వైపు జరిపి, "కన్ను ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి నా ఒళ్లు మండింది. అప్పటిదాకా ఎన్నడూ అడగని ప్రశ్న నాలో నేను అడుక్కున్నాను. నా కన్ను ఎందుకు పోయింది? ముప్పై ఏళ్లు తెల్లటి మడుల మీద పడ్డ ఎండని చూసి పోయింది. మాలో సగం మందికి పోయింది. ఒక్కదానికి బాగు చేయించి, దయ అన్నారు. ఆ జీపు మేం లాగిన ఉప్పు మీదే నడిచింది. నా దగ్గర తీసుకున్నదాన్నే రవ్వంత నా చేతిలో పెడితే నేను వెళ్లి దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. కృతజ్ఞత మంచి గుణమే, మా నాన్న నేర్పిందే. కానీ యజమానులకి అది పట్టుకోవడానికి పిడిలా పనికొస్తుందని ఆయన చెప్పలేదు. పాపం, ఆయనకీ తెలిసి ఉండదు.

కలం తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోట నా చేతిరాతతో రాశాను. "కొండ మునిగింది. నేను చూశాను. తాళంచెవి నా దగ్గర ఉంది. మేనేజరు వద్దన్నారు. నేను తియ్యలేదు. సింహాచలం చెప్పింది నిజం. వరహాలమ్మ."

ఆయన చదివి, నాలుగు ముక్కలు చేశాడు. కొంగు ముడి విప్పి తాళంచెవిని బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. అందరూ షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. ఆ కాగితంలో ఆయన రాసిందీ, నేను రాసిందీ రెండూ నిలబడి చెప్పాను. నా తప్పు ఉన్నదున్నట్టు చెప్పాను.

సింహాచలం నోట్లో చుట్ట అటు నుంచి ఇటు మార్చింది. "ఒక్క పూట గుమ్మంలో కుక్కలాగ కాపలా కాసినావు. బుద్ధొచ్చింది గదా, కూకో" అంది. కూర్చున్నాను. క్షమించానని ఎవరూ అనలేదు. కాస్త జరిగి చోటిచ్చారు.

ఆజ్ఞ ఆపడం

ఊళ్లో సంగతి తెలిసి ఒక యూనియన్ నాయకుడు మోటారు సైకిలు మీద వచ్చాడు. తాను వెళ్లి మాట్లాడి వస్తాననీ, అందాకా మడుల్లోకి ఎవరూ దిగొద్దనీ చెప్పాడు. మంచివాడే. కానీ మాట్లాడేది ఆయన, కనిపెట్టుకుని ఉండేది మేమూను. "నువ్వెల్లి మాటాడి ఆల్ల టీ తాగి వస్తావు. ఈలోగ నీరు సేదెక్కుతాది" అంది సింహాచలం. ఆయన నొచ్చుకున్నాడు.

ఎవరు ముందన్నారో నాకు గుర్తులేదు. పని ఎందుకాపాలి, ఆజ్ఞ ఆపుదాం అన్నారు. తాళాలన్నీ గునపంతో ఊడగొట్టి షెడ్డు గుమ్మం ముందు వరసగా పెట్టాం. మడుల్లోకి దిగాం. మేనేజరు చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు, మడులకి కావలసింది అంతా చేశాం. వాన పైనీరు తీసేశాం. వెనక మడుల్లో సగం ముదిరి ఉన్న నీటిని ముందుకి నడిపాం. పొద్దున్నే గట్టు మీద కూర్చుని, ఎవరు ఎక్కడ అని మాట్లాడుకునేవాళ్లం. రోజుకొకరి ఇంట్లో అందరికీ గంజి కాసేవాళ్లు. నేను బుడ్డి పట్టుకుని అంకె పైకి చదివేదాన్ని. అంకె విని ఏం చెయ్యాలో అందరూ కలిసి తేల్చేవాళ్లు. పోట్లాటలు కూడా అయ్యాయి. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒక తూము దగ్గర జుట్లు పట్టుకున్నారు. కానీ నీరు ముదిరింది. తొమ్మిదో రోజుకి ఉప్పు దిగింది. ముత్యాల్లా దిగింది. లాగి, కుప్పలు పోసి, కప్పాం. లారీ వస్తే మాత్రం తట్ట ఎత్తలేదు. లారీకి అడ్డంగా కూర్చున్నాం.

మేనేజరు వచ్చాడు. వెనక ఇద్దరు పోలీసులు.

"మీలో పెద్దెవరు? వాళ్లతో మాట్లాడతాను."

"నానే" అంది ఒక మూల నుంచి ఒకామె.

"కాదు, నాను" అంది ఇంకొకామె.

"బాబూ, నాను! నాకు పళ్లూడిపోనాయి, నాకంటే పెద్దది లేదిక్కడ" అంది చుట్ట ముసలమ్మ. పోలీసులు కూడా నవ్వారు.

ఆయనకి కొనడానికి ఒకరు దొరకలేదు, పట్టుకెళ్లడానికీ ఒకరు దొరకలేదు. హైదరాబాదు నుంచి ఫోన్ మీద ఫోన్. కుప్పల్లో ఉప్పు ఉంది, బజార్లో ధర ఉంది. సాయంత్రానికి దిగొచ్చాడు. సింహాచలం పనిలో ఉంటుంది. తూములకి తాళాలుండవు. వాన రోజుల కూలి మాత్రం ఇవ్వనన్నాడు. అది ఇప్పటికీ ఇవ్వలేదు. మేం గెలిచామని నేను రాయను. మాది మాకు కొంచెం తిరిగొచ్చింది, అంతే.

దేవుడి పని అనేవాళ్లకి

నేను రోజూ దీపం పెట్టే మనిషిని. అందుకని ఈ మాట నేనే చెప్పాలి. ఆ వాన దేవుడి పని కాదు. నేను పనిలో చేరిన కొత్తల్లో ఎండాకాలంలో కొండ రెండుసార్లు మునిగితే ఎక్కువ. ఇప్పుడు మాఘంలో మునుగుతోంది, ఫాల్గుణంలో మునుగుతోంది, తుపాను ఎప్పుడొస్తుందో తుపానుకే తెలియదు. సముద్రం వేడెక్కిందని లలిత చెబుతుంది. ఎవరు వేడెక్కించారు? తట్ట మోసేవాళ్లా? తీరం పొడుగునా పొగ గొట్టాలు నిలబెట్టి, ఆ డబ్బుతో చల్లటి గదుల్లో కూర్చున్నవాళ్లు వాన పడగానే ఆకాశం వైపు వేలు చూపిస్తారు. లాభం వస్తే తమ తెలివి, నష్టం వస్తే దేవుడి పని. తుపాను పరిహారం డబ్బొస్తే లీజు కాగితం ఉన్నవాడికి, మునిగిపోయిన పొయ్యి మాత్రం మాకు. దేవుడి మీద నేరం మోపి కూలి ఎగ్గొట్టేవాడి కంటే నాస్తికుడు నయం. ఈ మాట నేను గర్భగుడి ముందు నిలబడైనా అంటాను.

లలితకి ఇదంతా చెబితే కళ్లు పెద్దవి చేసుకుంది. పైన అధికారి లేకుండా, పనిచేసేవాళ్లే కలిసి నడుపుకోవాలని చెప్పేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారట. వాళ్లకొక పేరు కూడా ఉందట. తెలుగులో ఏమంటారని అడిగితే, తటపటాయించి చెప్పింది. నవ్వొచ్చింది. ఆ మాట మా మేనేజరు మా గురించి ఎప్పుడో అనేశాడు. ఆ అరాచకమే దొరల కాలం నుంచి ఆ ఉప్పుని కాపాడింది. అది లేని ఒక్క మధ్యాహ్నమే ఉప్పు పోయింది.

లలితా, నీకు నేను నేర్పేది ఇంతే. రేపు నీకూ కుర్చీ వేస్తారు. వేస్తే కూర్చో, కాళ్ల నొప్పులు తగ్గుతాయి. తాళంచెవి ఇస్తే మాత్రం తీసుకోకు. ఫోన్‌లో రంగుల బొమ్మ చూడు, తప్పు లేదు. చూశాక తలెత్తి కొండ కూడా చూడు.

నేను పని మానేసి రెండేళ్లయింది. సింహాచలం ఇంకా తట్ట మోస్తోంది. రోజూ పొద్దున్న దీపం దగ్గర దాని పేరు తలుచుకుంటాను. మేనేజరు పేరు తీసేశాను. నా కంటికి కోత కోసిన డాక్టరమ్మ పేరు తెలుసుకుని చేర్చాను.

మొన్న ఫాల్గుణంలో మా అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. తలెత్తితే కొండ కొమ్ము లేదు. మా ఇంటికీ మడులకీ మధ్య రైలు కట్టా, రెండు వీధులూ ఉన్నాయి. నా గొంతు అంత దూరం పోదు. అయినా లేచి నిలబడి వేశాను. "కొండ మునిగింది!"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత రైలు కట్ట అవతల నుంచి ఎవరో ఆ కేక అందుకున్నారు. ఆ తర్వాత ఇంకా దూరంగా ఇంకొకరు. వాన పడేలోపు తూములన్నీ లేచాయని సాయంత్రం లలిత వచ్చి చెప్పింది. తననెవరూ అడగలేదట, తనూ ఎవర్నీ అడగలేదట.

కట్ట అవతల అందుకున్నది ఎవరని అడిగాను. తెలియదంది. ఊళ్లో వాకబు చేశాను, ఎవరికీ తెలియదు. ఇప్పుడు పొద్దున్నే పేర్లన్నీ అయిపోయాక, దీపం ముందు ఒక్క నిమిషం ఊరికే కూర్చుంటాను. పేరు తెలియని ఆ గొంతు కోసం.